పదో ఎక్స్‌పెరిమెంట్

వేసవి సెలవులకి యానాంలోని మెట్టకూరు వచ్చిన మా మేనకోడలు బ్యాగులోంచి ఒక బోర్డు తీసి అరుగు మీద పెట్టింది. అరచేతి కంటే కొంచెం పెద్దది. కింద వరసగా పదహారు స్విచ్చులు, వాటి పైన పదహారు చిన్న దీపాలు, నాలుగంకెల డిస్‌ప్లే ఒకటి. బేసిస్ 3 అంటారు దాన్ని. ప్రాజెక్టు కోసం వాళ్ల కాలేజీలో సంతకం పెట్టి తెచ్చుకుంది. కేబుల్ లాప్‌టాప్‌కి గుచ్చగానే ఎర్రంకెలు సున్నా నుంచి తొమ్మిది దాకా తిరగడం మొదలెట్టాయి.

"అబ్బో, అప్పుడే పని చేసేత్తందే" అంది మా అమ్మ.

"ఇది మేం చేసింది కాదు అమ్మమ్మా. డబ్బాలోంచి తీసినప్పుడే ఉంటది. కంపెనీ వాళ్ల డెమో. కదా మావయ్యా?"

"అవునమ్మా" అన్నాను. నాకు తెలియకపోవడమేమిటి? ఆ అంకెల్ని అడ్డం పెట్టుకునే ఒకసారి పరువు కాపాడుకున్నాను.

పద్దెనిమిదేళ్లుగా ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతున్నాను. ఏ కాలేజీ అన్నది అనవసరం, తప్పు కాలేజీది కాదు. థియరీ బాగా చెబుతానని పేరుంది. ముఖ్యంగా ఇలాంటి బోర్డుల మీదుండే ఎఫ్‌పీజీఏ చిప్ పాఠం. ఆ చిప్ గురించి గోదావరి జిల్లాల పిల్లలకి చెప్పడానికి నా దగ్గర ఒక పోలిక ఉంది. మామూలు ప్రాసెసర్ అంటే నౌకరు లాంటిది, చెప్పిన పనులు ఒకదాని తర్వాత ఒకటి చేస్తుంది. ఎఫ్‌పీజీఏ అలా కాదు. అది కాటన్ దొర కాలవల వ్యవస్థ. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయింది, కాలవలు తవ్వారు, లాకులు కట్టారు, తూములు పెట్టారు. ఏ తూము ఎత్తి ఏది దించుతామన్న దాన్నిబట్టి ఏ చేనుకి నీళ్లెక్కుతాయో తేలుతుంది. ఈ చిప్‌లో కూడా తీగలు, మీటలు ముందే ఉంటాయి. మనం రాసిన డిజైన్‌ని సాఫ్ట్‌వేర్ చదివి, ఏ తూము తెరవాలో ఏది మూయాలో తేల్చి, ఆ జాబితాని ఒక ఫైలుగా తయారు చేస్తుంది. దాన్నే బిట్‌స్ట్రీమ్ అంటారు. అది చిప్‌లోకి ఎక్కగానే సర్క్యూటే మారిపోతుంది. పొద్దున లెక్కల యంత్రం, సాయంత్రం ట్రాఫిక్ లైటు.

తర్వాత ఆ చిప్‌ని కనిపెట్టిన రాస్ ఫ్రీమన్ కథ ఎత్తుకునేవాణ్ణి. 1984లో ఇంకో ఇద్దరితో కలిసి జైలింక్స్ కంపెనీ పెట్టాడు. ట్రాన్సిస్టర్లు ఖరీదైన ఆ రోజుల్లో, వాటిని అలా దుబారా చేసే చిప్ ఎవడు కొంటాడన్నారు. మరుసటేడు వచ్చిన మొదటి చిప్‌లో ఉన్నవి 64 బ్లాకులు. 1989లో, నలభై ఒక్కేళ్లకే ఆయన పోయాడు. ఆ ముక్క దగ్గర గొంతు కాస్త తగ్గించేవాణ్ణి, క్లాసు నిశ్శబ్దంగా వినేది. ఆ కంపెనీకి మన హైదరాబాద్‌లోనే పెద్ద సెంటరుందనీ, 2022లో ఏఎండీ దాన్ని కొనుక్కుందనీ చెప్పి, రేపు మీరూ అక్కడుండాలని ముగించేవాణ్ణి. గంట కొట్టేది.

ఇంత చెప్పినవాణ్ణి ఒక్కసారి కూడా నా చేత్తో ఆ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయలేదు. ఒక్క బోర్డులోకీ ఒక్క బిట్‌స్ట్రీమ్ ఎక్కించలేదు.

మా ల్యాబులో ఒక అసిస్టెంటు ఉండేవాడు. డిప్లొమా చదివాడు. డీవీడీల కట్ట పట్టుకొచ్చి, ముప్ఫై సిస్టముల్లో జైలింక్స్ వాళ్ల సాఫ్ట్‌వేర్ ఐఎస్‌ఈ 14.7 వేసి, లైసెన్సు ఫైలు పెట్టి, ప్రతిదాంట్లో ఒకసారి తెరిచి చూసుకుని వెళ్లేవాడు. నేను కుర్చీలో కూర్చుని "అయ్యిందా?" అని అడిగేవాణ్ణి. ఇన్‌స్టాల్ చేయడం అతని పని, చెప్పడం నా పని. అలా అని ఎవరూ రాసి పెట్టలేదు, నేనే అనుకున్నాను. మన కాలేజీల్లో స్క్రూడ్రైవర్ పట్టుకున్న చేతికి ఒక మెట్టు తక్కువ కదా.

2016లో అతను హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. ఆ ఏడే విండోస్ 10 తో కొత్త కంప్యూటర్లు దిగాయి. ఆ ఐఎస్‌ఈ 2013 నాటిది, దాని తర్వాత కంపెనీ కొత్త వెర్షన్ తేలేదు. కొత్త సిస్టముల్లో దాన్ని ఎక్కించి ఫైలు తెరుద్దామని నొక్కితే చటుక్కున మూసుకుపోయేది. ఒక డీఎల్‌ఎల్ ఫైలు తీసేసి, పక్కనే ఉన్న ఇంకోదానికి దాని పేరు పెడితే సరిపోతుందని తర్వాత తెలిసింది. రెండు నిమిషాల పని. నేను మాత్రం హెచ్‌ఓడీ గారికి "సిస్టములు సరిపోవట్లేదు సార్" అని ఉత్తరం రాశాను. పాత కంప్యూటర్లు పదింటిని ఒక మూలకి చేర్చి, పిల్లల చేత సిమ్యులేషన్ మాత్రం చేయించి, వేవ్‌ఫారమ్ ప్రింటు తీసి రికార్డుల్లో అతికించమన్నాను.

బోర్డులా? ఉన్నాయి, రెండు. ఇలాంటి బేసిస్ 3లే. బీరువాలో పెట్టి తాళం వేశాను. వాటికి కొత్త సాఫ్ట్‌వేర్ వివాడో కావాలి. ఎప్పుడు చేయిద్దాం సార్ అని పిల్లలడిగితే "లైసెన్సు రాలేదమ్మా" అనేవాణ్ణి. ఆ చిప్‌కి ఉచిత ఎడిషన్ చాలు, డబ్బు కట్టి కొనాల్సిన లైసెన్సేమీ లేదు. అబద్ధమని తెలిసి చెప్పానా అంటే, అదీ కాదు. నిజమో కాదో కనుక్కోవాల్సిన అవసరం నాకు లేకపోయింది. అబద్ధం కంటే ఇదే హీనమని ఇప్పుడనిపిస్తోంది.

2017లో తనిఖీ కమిటీ వచ్చింది. ల్యాబులోకి అడుగు పెట్టేలోగా బీరువా తెరిచి, ఒక బోర్డు టేబుల్ మీద పెట్టి కేబుల్ గుచ్చాను. అంకెలు తిరిగాయి. కమిటీ పెద్దాయన కళ్లజోడు సర్దుకుని "గుడ్, ఎవరు చేశారు?" అన్నారు. "మా ఫైనలియర్ పిల్లలు సార్, కౌంటర్ డిజైన్" అన్నాను. పక్కన నిలబడ్డ అబ్బాయిని భుజం తట్టి ముందుకి నెట్టాను. ఆ అబ్బాయి బోర్డు వంక చూశాడు, నా వంక చూశాడు. ఏమీ అనలేదు. పెద్దాయన అతనికి షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణేమో.

ఇక మెట్టకూరు సంగతి. "మావయ్యా, నా లాప్‌టాప్‌లో వివాడో వేసిపెట్టవా? నువ్వు చెప్పేది అదే కదా" అంది పిల్ల. కాదనడానికి నోరు రాలేదు. డౌన్‌లోడుకి ముందు ఒక ఫారం నింపాలి. అమెరికా ఎగుమతి నిబంధనల కోసం పేరు, అడ్రసు సరిగ్గా ఇవ్వాలి. యానాం వాళ్లకి ఫారం అంటేనే చిన్న చికాకు. ప్రభుత్వం పుదుచ్చేరిది, చుట్టూ ఉన్నదంతా ఆంధ్రా, పిన్‌కోడ్ చూస్తే 533తో మొదలవుతుంది. చూసినవాడికి ఏదో ఒకటి తప్పు రాశామనే అనిపిస్తుంది. ఇదివరకు ఇలాంటి ఫారాలు ఆ అసిస్టెంటే నింపేవాడు కాబోలు, నాకు గుర్తు లేదు.

పక్కింటివాళ్ల వైఫై పాస్‌వర్డ్ అడిగి తెచ్చుకున్నాం. ఏ చిప్‌లు కావాలో టిక్కు పెట్టమని అడిగితే దర్జాగా అన్నిటికీ పెట్టాను. డిస్కు చాలదంది. "మనకి ఆర్టిక్స్ 7 ఒక్కటే కదా మావయ్యా కావాల్సింది" అని పిల్ల మిగతా టిక్కులన్నీ తీసేసింది. అలా తీసేయొచ్చని నాకు తోచనే లేదు.

రాత్రంతా దిగింది. పొద్దున్నకి అంతా అయిపోయి చివర్లో ఒక వాక్యం దగ్గర ఆగింది. జెనరేటింగ్ ఇన్‌స్టాల్డ్ డివైస్ లిస్ట్. ఎర్రరంగు లేదు, తప్పని లేదు, కదలిక లేదు. గంట చూశాను. టిఫిన్ తిని వచ్చి ఇంకో గంట చూశాను. "పొయ్యి మీద పాలు పెట్టినోడిలా అలా కూకున్నావేట్రా" అంది అమ్మ. కట్టేసి మళ్లీ మొదలెట్టాను. మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారీ అంతే. "నీ లాప్‌టాప్ పాతదమ్మా, దీనికి తట్టుకోదు" అన్నాను. అన్నాక నా గొంతు నాకే వినపడింది. హెచ్‌ఓడీ గారికి రాసిన ఉత్తరంలో ఉన్నది ఇదే వాక్యం.

పిల్ల ఏమీ మాట్లాడకుండా లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. ఉబుంటు అందులో. ఇంకో టెర్మినల్ తెరిచి, అప్పటికే డిస్కులోకి దిగిపోయిన ఫోల్డర్‌లోకి వెళ్లి వివాడోని నేరుగా నడిపింది. ఒకే ఒక్క లైను వచ్చింది. లిబ్‌టిన్‌ఫో అనే లైబ్రరీ ఐదో వెర్షన్ దొరకలేదని. కొత్త ఉబుంటులో అది ముందుగా ఉండదు, మనమే తెచ్చుకోవాలి. ఇన్‌స్టాలర్ చివర్లో చిప్‌ల జాబితా రాయడానికి వివాడోని లోపల్లోపల పిలుస్తుంది. ఆ లైబ్రరీ లేక అది లేవదు. లేవలేదన్న సంగతి పైకి చెప్పేవాడు లేక ఇన్‌స్టాలర్ అలా చూస్తూ కూర్చుంటుంది.

ఒక్క కమాండు కొట్టింది. ఐదు నిమిషాల్లో మొత్తం పూర్తయింది.

"ఎలా తెలిసిందమ్మా?"

"తెలీదు మావయ్యా. ఏమంటుందో చూద్దామని నడిపానంతే."

నేను పద్దెనిమిదేళ్లలో చేయని పని ఆ ఒక్కటీ. ఏమంటుందో చూడ్డం.

ఆ తర్వాత బోర్డు దొరకలేదంది. లైనక్సులో కేబుల్ డ్రైవర్లు ఇన్‌స్టాలర్ వేయదు. అడ్మిన్ అనుమతితో మనమే వేరే స్క్రిప్టు నడపాలి. గైడులో స్పష్టంగా ఉంది, నేనే గైడు తెరవలేదు. అదీ చేశాం, అయినా దొరకలేదు. ఈసారి నేను నోరు మూసుకుని కేబుల్ వంక చూశాను. పిల్ల తెచ్చుకున్న అసలు కేబుల్ తిరిగి పెట్టెలోకి చేరింది. మధ్యలో ఎవరో పీకి, అమ్మ ఫోన్ ఛార్జర్ తీగ గుచ్చారు. కరెంటు వెళ్తుంది కాబట్టి అంకెలు తిరుగుతున్నాయి, డేటా తీగలే లేవు అందులో. తీగ మార్చి గుచ్చగానే తెర మీద చిప్ పేరు కనపడింది. సాఫ్ట్‌వేర్ మహాసముద్రం దాటి వచ్చి, యాభై రూపాయల ఛార్జింగ్ తీగ దగ్గర మునిగేవాళ్లం. దాన్ని పట్టుకున్నది నేనేనని చెప్పుకోవడానికి సిగ్గుగానూ ఉంది, కొంచెం గర్వంగానూ ఉంది.

ప్రోగ్రాం రెండు లైన్లది. మొదటి స్విచ్చు వేస్తే మొదటి దీపం వెలగాలి. సింథసిస్ అయింది, ఇంప్లిమెంటేషన్ అయింది, బిట్‌స్ట్రీమ్ దగ్గర రెండు ఎర్ర లైన్లు వచ్చాయి. ఈసారి నేనే చదివాను, పైకి, అక్షరం అక్షరం. మన డిజైన్‌లోని తీగ చిప్‌లో ఏ పిన్నుకి పోవాలో చెప్పలేదనీ, దానికి వోల్టేజీ రకం కూడా చెప్పలేదనీ. చెప్పామే! పిన్నుల ఫైలులో స్విచ్చు వీ17, దీపం యూ16, 3.3 వోల్టులు అని ఉంది. మళ్లీ చూస్తే అందులో స్విచ్చు పేరు ఒకటి, మా ప్రోగ్రాంలో రాసుకున్న పేరు ఇంకోటి. దీపానికీ అంతే. పేర్లు కలిపాం.

సాయంత్రం నాలుగున్నరకి పిల్ల స్విచ్చు మీద నా వేలు పెట్టించింది. పైకి తోశాను. ఆకుపచ్చ దీపం వెలిగింది. దించాను, ఆరింది. ఇరవై వేల ఎనిమిది వందల లుకప్ టేబుళ్లున్న చిప్, లోపల లెక్కే లేని మా డిజైన్. తీగ తెచ్చి తీగకి కలిపాం, అంతే. అయినా ఓ పదిహేనుసార్లు వేసి ఆర్పాను. ఫ్రీమన్ కథ చెప్పేటప్పుడు గొంతు తగ్గించడం నటన అయితే, ఆ పూట గొంతు దానంతటదే తగ్గింది.

అమ్మకి చూపిద్దామని కేబుల్ పీకి బోర్డుని వంటింట్లోకి తీసుకెళ్లి అక్కడి ఛార్జర్‌కి పెట్టాను. మా డిజైన్ లేదు. ఎర్రంకెలు తిరుగుతున్నాయి, సున్నా నుంచి తొమ్మిది దాకా. మనం ఎక్కించింది చిప్ లోపలి జ్ఞాపకంలో ఉంటుంది, కరెంటు పోతే పోతుంది. కంపెనీ డెమో బోర్డు మీది ఫ్లాష్‌లో ఉంటుంది, కరెంటు రాగానే తిరిగొస్తుంది. దాన్ని చెరిపి మనది రాయాలంటే ఇంకో ఫైలు తయారు చేసి ఫ్లాష్‌లోకి ఎక్కించాలి. తనిఖీ రోజున నా పరువు కాపాడింది ఆ ఫ్లాషే. ఆ బీరువాలోని రెండు బోర్డుల్లో ఈ రోజుకీ ఆ డెమోనే ఉంది.

జూన్‌లో కాలేజీ తెరుస్తారు. తాళం చెవి నా దగ్గరే ఉంది. ఈసారి ముప్ఫై సిస్టముల్లోనూ నేనే వేస్తాను, పిల్లల్ని చుట్టూ నిలబెట్టుకుని. ఆగిపోయినచోట వాళ్ల ముందే ఆగిపోతాను.

కానీ 2017 బ్యాచ్ పిల్లలకి అది పనికిరాదు. ఆ నాడు షేక్‌హ్యాండ్ తీసుకున్న అబ్బాయి ఇది చదివితే, అతనికి ఒక మాట. బాబూ, ఆ కౌంటర్ నీది కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. నువ్వు నోరు విప్పకపోవడం నా మీద గౌరవంతో కావచ్చు, మార్కుల భయంతో కావచ్చు. ఏదైనా, ఆ ఇరుకులో నిన్ను నిలబెట్టింది నేను. నన్ను క్షమించు. మీ అందరి రికార్డుల్లో పదో ఎక్స్‌పెరిమెంట్ కింద, 'బోర్డు మీద సరిచూడబడినది' అని రాసి నా సంతకం ఉంటుంది. అది నిజం కాదు.