గోముఖం ఉన్నచోట ఉండదు

గంగోత్రి గుడి దగ్గర బస్సు దిగినవాళ్లలో చాలామంది గంగ అక్కడే పుట్టిందనుకుని, మూడు మునకలు వేసి, సీసా నింపుకుని వెనుదిరుగుతారు. పట్టుదల ఉన్నవాళ్లు మరో 18 కిలోమీటర్లు నడుస్తారు. భూర్జ చెట్ల కన్నా వాటి పేరే ఎక్కువగా మిగిలిన భోజ్‌బాసా దాటి, దాదాపు 4,000 మీటర్ల ఎత్తున హిమానీనదం అంచైన గోముఖం ముందు నిలబడతారు.

అంత నడిచినవాడికి ముందు కలిగేది భక్తి కాదు, నిరాశ.

హిమానీనదం క్యాలెండర్ బొమ్మలోలా మెరుస్తుందనుకుని వస్తే, ఎదురుగా కూల్చిన ఇంటి శిథిలాల్లాంటి రాళ్లగుట్ట. విరిగిన అంచులో మాత్రం నీలి ఛాయ. దాని అడుగునుంచి బియ్యం కడుగులా బూడిద తెలుపు నీళ్లు: మంచు రాతిని అరగదీసిన పిండి కలిసిన రంగది. తెలుపంతా పైన శివలింగ్ మీద, భాగీరథి శిఖరాల మీద, ముప్ఫై కిలోమీటర్ల ఆ మంచు మొదలయ్యే చౌఖంబా మీద (7,138 మీటర్లు) ఉంది. పక్కనుంచి వచ్చే పాయల పేర్లు రక్తవర్ణ, చతురంగి. రాళ్ల రంగును బట్టి వచ్చిన పేర్లు. పెట్టినవాళ్లెవరో గానీ, క్యాలెండర్ చూసి పెట్టలేదు.

1935లో భూగర్భ శాస్త్రవేత్త జాన్ ఆడెన్ (కవి ఆడెన్‌కు అన్న) ఈ అంచును పటంలో గీశాడు. 1996 నాటికి అది కిలోమీటరుకు పైగా వెనక్కి జరిగింది. ఆ మాటలోనే మెలిక ఉంది. మంచు వెనక్కి నడవదు. తన బరువుకు తానే జారుతూ ఏటా కిందికే వస్తుంది. వచ్చేదాని కన్నా కరిగేది ఎక్కువైతే అంచు పైకి పోతుంది. నెలనెలా జీతం అందుకుంటూనే అప్పుల్లో దిగబడే సంసారం లాంటిదే ఇదీ.

మరి మూలమెక్కడ? గుడి కదలకుండా కట్టొచ్చు; నది పుట్టే చోటుకు పునాది వెయ్యలేం. గంగ అనే పేరు వచ్చేదే దేవప్రయాగలో, అదీ గోముఖం నుంచి వచ్చే భాగీరథి నదికి, దాని కన్నా ఎక్కువ నీళ్లున్న అలకనంద కలిశాక. కాశీ చేరేసరికి ప్రవాహంలో మంచు వాటా కొంచెమే. వానదీ ఊటదీ పెద్ద వాటా.

కాశీ నుంచి తెచ్చిన రాగి చెంబు ఎన్నో తెలుగిళ్ల పూజగదుల్లో ఏళ్లతరబడి మూత బిగించే ఉంటుంది. ఆఖరి ఘడియల్లో ఆ నీరే తులసాకుతో నోట్లో వేస్తారు. చౌఖంబా మంచు ఎంత, వాన ఎంత అని అప్పుడెవరూ అడగరు. మూతకు వేసిన సీలు ఊడదీయడానికి చాకు కోసం మాత్రం వంటింట్లోకి పరుగెడతారు.