గోడలో పైపు, గొట్టంలో పుల్ల

నేనుండేది టెక్సాస్‌లో. మా ఇంట్లో సెంట్రల్ వాక్యూమ్ ఉంది. మోటారు, చెత్త డబ్బా గరాజ్‌లో ఉంటాయి, గోడల లోపల రెండంగుళాల పైపు. గోడకున్న మూత తీసి గొట్టం తగిలిస్తే చాలు. దుమ్ము ఎటు పోతుందో కనపడదు. కనపడదు కాబట్టే తప్పు ఎవరిమీదైనా తోసేయొచ్చు.

పోయిన నెల అది లాగడం మానేసింది. ఇల్లు శుభ్రం చేసే ఆవిడే ఏదో కుక్కేసిందనుకున్నా. అడిగేశా కూడా. ఆవిడేం మాట్లాడలేదు.

ఆవిడ వెళ్లాక గొట్టం ఊడదీసి, గరాజ్‌లో స్విచ్ వేసి, గోడ రంధ్రం మీద అరచెయ్యి పెట్టా. గట్టిగా లాగింది! అంటే పైపు బాగానే ఉంది, అడ్డు గొట్టంలోనే. చాలాసార్లు అంతే, గొట్టం పైపు కంటే సన్నం కదా. రెండో కొసను రంధ్రానికి ఆనించి వెనక్కి లాగిస్తే ఏం వచ్చిందో తెలుసా ఫ్రెండ్స్? అడ్డం తిరిగిన అగరొత్తి పుల్ల, దానికి చుట్టుకున్న జుట్టు, తడి పూలరేకులు. పూజగది ఊడ్చింది నేనే.

ఇప్పుడు పుల్లలు చేత్తో ఏరేస్తున్నా, తడివి అసలు లాగించట్లేదు. ఈ జాగ్రత్త సులువే. కానీ తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు, మన చూపు ముందు మనకంటే తక్కువ సంపాదించేవాళ్ల మీదకే ఎందుకు పోతుంది? ఒట్టి అనుమానమే కదా అనుకుంటాం. ఆవిడకి అది బతుకుతెరువు.

సారీ చెప్పా. "ఇట్స్ ఓకే" అంది. ఆ వారం పని అయ్యాక గొట్టం తెచ్చి, చూసుకోమని నా ముందు పెట్టింది.