గోదారి అవతల ఫ్రాన్సు

ఎదుర్లంక రేవులో నిలబడితే గౌతమికి అవతల కనిపించేది యానాం. 1954 దాకా ఆ ఒడ్డు ఫ్రాన్సు పాలనలో ఉంది. పడవెక్కి మంగళవారం సంతకు పోయి పొద్దుగూకేలోపు తిరిగొచ్చిన కోనసీమ జనం, దేశం దాటి వచ్చామని ఏనాడైనా అనుకున్నారా? నాకు నమ్మకం లేదు.

సరిహద్దు అనగానే రాయి గుర్తొస్తుంది. సర్వేవాళ్ళు గొలుసుతో కొలిచి, పాతి, గుర్తు చెక్కి వెళ్ళిన రాయి. దానికి గట్టి నేల కావాలి. మా సీమలో కరువు దానికే. వరదొస్తే లంక అంచు కోసుకుపోతుంది, ఇంకోచోట ఇసక మేట వేస్తుంది. రైతు దగ్గర పట్టా భద్రంగానే ఉంటుంది, చేను మాత్రం ఏట్లో ఉంటుంది. అయినా ఆ రైతు తన హద్దు ఎక్కడో నీళ్ళకేసి చెయ్యి చాపి చూపిస్తాడు. రాయి పోయినా హద్దు పోదు.

మరి ఏం పోతే పోతుంది? యానాం చరిత్ర చదివినప్పుడల్లా నాకు తోచేది ఒకటే. గీతకు ఇటు ఒక చట్టం, అటు మరొకటి ఉన్నన్నాళ్ళూ దానికి రాయి అక్కర్లేదు.

బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. పెళ్ళికి ఆడపిల్లకు పద్నాలుగేళ్ళు, మగపిల్లవాడికి పద్దెనిమిది నిండాలన్నారు. ఫ్రెంచి యానాంలో ఆ చట్టం లేదు. చుట్టుపక్కల జిల్లాల పెద్దలు పెళ్ళివారినీ, పురోహితుణ్ణీ, ఒళ్ళో నిద్రపోయే పెళ్ళికూతుర్నీ వెంటబెట్టుకుని అక్కడికి తరలిపోయారు. ఊరికి కల్యాణపురమని పేరొచ్చింది. ఎంత ముచ్చటైన పేరో చూడండి! తండ్రికి ఆ గీత వెసులుబాటు. పిల్లకు అది జీవితకాలపు కట్టుబాటు. ఎవరి స్వేచ్ఛ కోసం దాటారన్నది అడగకుండా సరిహద్దులు చెరిగిపోవాలని పాడేవాళ్ళంటే నాకు కొంచెం అనుమానం.

1954 జూన్‌లో, భారత్‌లో కలవాలన్న విలీనవాదులు యానాంను పట్టుకున్నారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. 1956లో భారత్, ఫ్రాన్సుల మధ్య కుదిరిన ఒప్పందం 1962 ఆగస్టు 16న గాని అమల్లోకి రాలేదు. అంతర్జాతీయ సరిహద్దు ఆ రోజుతో కాగితం మీద కూడా ముగిసింది. గీత మాత్రం, యానాం చేరిన పుదుచ్చేరికి హద్దుగా మిగిలింది. ఇప్పుడు ఎదుర్లంక బిడ్డ బాలయోగి పేరు పెట్టిన వారధి మీదుగా, మందు అక్కడ చవకని దాటేవాళ్ళు దాటుతున్నారు.

ఆ ఒప్పందంలో ఒక మంచి మాట ఉంది. ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోదలచినవాళ్ళు ఆరు నెలల్లో రాసిస్తే చాలు. పద్దెనిమిది నిండని, పెళ్ళికాని పిల్లల పౌరసత్వం తండ్రి నిర్ణయాన్ని బట్టి ఉంటుంది. పెళ్ళయి పదహారు దాటిన మగపిల్లవాడైతే తన దారి తానే ఎంచుకోవచ్చని విడిగా రాశారు. పెళ్ళయిన ఆడపిల్లకు అలాంటి వాక్యం రాయలేదు.