తూము కింద వరి, మెట్టన వేరుశనగ

ధర్మవరం చెరువు ఆయకట్టులో ఒక వరిమడి. పక్కనే కాలవ నీళ్లు ఎక్కని మెరకలో వేరుశనగ చేను. తూము తెరిచినప్పుడల్లా కడుపునిండా తాగి ఏపుగా ఎదిగిన వరి, మోకాలెత్తైనా లేని వేరుశనగను చూసి జాలిపడేది.

“ఎకరాకు నాకొచ్చినన్ని మూటలు నీకెప్పుడన్నా వచ్చినాయా చెల్లీ?”

“రాలేదక్కా. నీకు తూముంది. నాకు మబ్బే దిక్కు.”

ఆగస్టులో బెట్ట పట్టింది. మిట్టమధ్యాహ్నం వేరుశనగ తన నాలుగేసి రెక్కల ఆకులను జంటలు జంటలుగా ముడిచి ఎండకు అంచు మాత్రమే చూపింది. పూత ఆపేసింది.

“పట్టపగలు నిద్దరపోతాండావా?” అంది వరి.

“పదును లేనప్పుడు ఖర్చెందుకక్కా? వాన పడనీ, లేస్తా.”

వాన పడింది. ఆకులు విచ్చుకున్నాయి, చేనంతా పసుప్పచ్చగా పూసింది, ఆ వెనకే ఊడలు నేలలోకి దిగాయి.

మరుసటేడు చెరువు నిండలేదు. మడి నెర్రెలిచ్చింది, వరి వెన్ను తీయకుండానే ఎండిపోయింది. వేరుశనగ కాసిన నాలుగు కాయలైనా ఇల్లు చేరాయి.

నీతి: కొలిచి తాగాల్సిన నేలకు ఆ నేల ఎరిగిన పంటే కావాలి, వరికి నీళ్లు తగ్గించినంత మాత్రాన అది మెట్టపంట కాదు.

కంప్యూటర్లు చేసేవాళ్లు ఈ నీతిని నేర్చుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. గోడ ప్లగ్గు తూము, బ్యాటరీ మబ్బు. తొలినాటి ల్యాప్‌టాప్‌లలో డెస్క్‌టాప్ ప్రాసెసర్లనే సర్దేవాళ్లు. 1990లో ఇంటెల్ 386ఎస్ఎల్ వచ్చాకే, పనిలేని భాగాలను నిద్రపుచ్చే ఏర్పాటు చిప్‌లోనే కుదిరింది. 2000 జనవరిలో ఇంటెల్ స్పీడ్‌స్టెప్ అనే ఏర్పాటు తెచ్చింది. ప్లగ్గులో ఉన్నంతసేపు 1.6 వోల్టులతో 650 మెగాహెర్ట్జ్‌లో నడిచే పెంటియం 3, తీగ పీకగానే 1.35 వోల్టులకు, 500 మెగాహెర్ట్జ్‌కు దిగేది. కరెంటు ఖర్చు వేగంతో పాటు వోల్టేజి వర్గాన్ని బట్టి కూడా ఉంటుంది కాబట్టి, వేగం నాలుగో వంతు కూడా తగ్గకుండానే ఖర్చు సగానికి దగ్గరగా పడిపోయేది. ఆకు ముడవడమంటే ఇదే.

అయినా అది ఇంకా పొదుపు నేర్చిన వరే. అసలు మెట్టపంట 2003లో వచ్చిన పెంటియం ఎం. ఇజ్రాయెల్‌లోని హైఫా ఇంజనీర్లు దాన్ని బ్యాటరీ కోసమే గీశారు. 3.06 గిగాహెర్ట్జ్ డెస్క్‌టాప్ పెంటియం 4కు 82 వాట్ల దాకా కావాల్సి వస్తే, 1.6 గిగాహెర్ట్జ్ పెంటియం ఎం 25 వాట్లలోపే సరిపెట్టుకునేది. గడియారం నెమ్మదే, కానీ ఒక్కో టిక్కుకు చేసే పని ఎక్కువ. పెంటియం 4 వేడికి తట్టుకోలేక ఇంటెల్ ఆ దారి వదిలేసి, 2006లో కోర్ 2ను ఈ ల్యాప్‌టాప్ వంశం నుంచే తీసుకుంది, డెస్క్‌టాప్‌లకు కూడా.