కృష్ణుడు రాయబారం ఎందుకు చేసినట్టు?

ప్రమోషన్ జాబితాలో పేరు రానివాడికి ఆఫీసులో మొదట వినిపించేది గీత. పని మన చేతిలో ఉంది, ఫలితం మన చేతిలో లేదు, మనసు కష్టపెట్టుకోకు అంటారు. తోటి ఉద్యోగి అంటే అది ఓదార్పు. జాబితా మీద సంతకం పెట్టిన అధికారే అంటే మాత్రం నాకు అధర్మంగా తోస్తుంది. ఫలాపేక్ష వదులుకోవడం ఎవరికి వారు చేసుకోవలసిన సాధన. బాకీపడ్డవాడు అప్పిచ్చినవాడికి వైరాగ్యం బోధిస్తే అది బాకీ ఎగ్గొట్టడమే అవుతుంది.

దీనికి భారతంలోనే సాక్ష్యం ఉంది. భీష్మపర్వంలో గీత చెప్పిన కృష్ణుడే, అంతకుముందు ఉద్యోగపర్వంలో హస్తినకు వెళ్లి పాండవుల వాటా అడిగాడు. అక్కడ ఉద్యోగమంటే నౌకరీ కాదు, పూనిక. దుర్యోధనుడు వినడని, రావడమే పొరపాటని విదురుడు హెచ్చరించాడు. ధర్మకార్యానికి శక్తికొద్దీ పూనుకున్నవాడికి అది నెరవేరకపోయినా పుణ్యం దక్కుతుందని కృష్ణుడు బదులిచ్చాడు. న్యాయంగా రావలసింది అడగడం కూడా మనం చేయవలసిన కర్మలో భాగమేనని దీన్నిబట్టి నాకు అర్థమవుతోంది. అడగడంలోనే ఆశ ఉంది కదా అనేవారికీ జవాబు ఇక్కడే దొరుకుతుంది. రాదని తెలిసీ అడిగినవాణ్ని ఫలం కట్టిపడేసిందని ఎలా అంటాం?

ఖాళీ ఒకటే ఉండి అర్హులు పదిమంది ఉంటే తొమ్మిదిమందికి నిరాశ తప్పదన్న మాట ఇంకా బలమైనది, నిజం కూడా. కాబట్టి మనం పట్టుబట్టవలసింది కుర్చీ కోసం కాదు, సరైన పరిశీలన కోసం. సుప్రీంకోర్టు 1999లో ఈ గీతే గీసింది: అర్హుడైన ఉద్యోగిని ప్రమోషన్‌కు పరిశీలించడం ప్రాథమిక హక్కు, ప్రమోషన్ మాత్రం హక్కు కాదు. 2008లో అదే కోర్టు సరిహద్దు రహదారుల విభాగం ఇంజినీరు ఒకరి కేసులో తీర్పు చెప్పింది. సూపరింటెండింగ్ ఇంజినీరు కావాలంటే పనితీరుపై ఏటా రాసే రహస్య నివేదికల్లో వరసగా అయిదేళ్లు 'వెరీ గుడ్' ఉండాలన్నది అప్పటి నిబంధన. ఆయనకు నాలుగేళ్లు అలాగే ఉంది. 1993-94లో మాత్రం 'గుడ్' అని రాశారు. మంచి మాటే అడ్డుగోడైంది, పైగా అలా రాసినట్టు ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇంటర్వ్యూ ఇచ్చి నెలల తరబడి జవాబు కోసం ఎదురుచూసే నిరుద్యోగి బాధా ఇలాంటిదే. కాదన్నారన్న దానికంటే ఎందుకు కాదన్నారో తెలియకపోవడం మనిషిని ఎక్కువగా నలిపేస్తుంది.

ఇంజినీరు అప్పటికే రిటైరయ్యారు. కోర్టు ఆయనకు పదవి ఇవ్వలేదు. ఆ 'గుడ్'ను ఆయనకు తెలియజేసి, అభ్యంతరం ఉంటే విని, రేటింగు పెరిగితే అప్పటి ప్రమోషన్‌కు మళ్లీ పరిశీలించమంది.