కెమెరాతో వచ్చిన చుట్టం

ఆంథొనీ బోర్డైన్ సిసిలీ ఎపిసోడ్ చూశారా? ‘పార్ట్స్ అన్‌నోన్’లో, 2013లో వచ్చింది. అందులో ఆయన ఆ ఊరి మనిషి ఒకాయనతో కలిసి సముద్రంలోకి దిగుతాడు. ఆక్టోపస్‌లూ అవీ పట్టుకొచ్చి రాత్రికి వండుకు తినాలని ప్లాన్. నీళ్లలో ఈదుతుంటే పైనుంచి టప్పుమని ఏదో పడుతుంది. చచ్చిన ఆక్టోపస్. కాసేపటికి ఇంకోటి. పక్క పడవలోంచి ఎవరో ఒక్కొక్కటే విసురుతున్నారు. బోర్డైన్‌ని తీసుకెళ్లినాయన మాత్రం అవి అప్పుడే దొరికినట్టు పైకెత్తి చూపిస్తుంటాడు.

బోర్డైన్ ఈ ముక్కని ఎడిటింగ్‌లో తీసేయలేదు. పైగా వాయిస్ ఓవర్‌లో మొత్తం చెప్పేశాడు. ఇది ఉత్త మోసమని, తన మీద తనకే రోత పుట్టిందని, బార్‌కి పోయి తాగానని, ఆ రాత్రి తీసిన భోజనం సీన్ తనకి గుర్తే లేదని.

మొదటిసారి చూసినప్పుడు పడీపడీ నవ్వాను. ట్రావెల్ షోల్లో ఇంత నిజాయితీ ఎక్కడుంది అని ఇద్దరు ముగ్గురికి లింక్ కూడా పంపాను. ఈ మధ్య మళ్లీ చూస్తే నవ్వు రాలేదు. ఈసారి నా కళ్లు బోర్డైన్ మీద లేవు, ఆ ఇంకో ఆయన మీద ఉన్నాయి.

చిన్నప్పుడు మా ఇంటికి చుట్టాలొస్తున్నారంటే అద్దాల బీరువాలోంచి పింగాణీ కప్పులు కిందికి దిగేవి. పక్కింటి నుంచి గిన్నెడు పంచదార వచ్చేది. కొట్లో కొన్న మైసూర్‌పాక్ అట్టపెట్టెలోంచి మా స్టీలు డబ్బాలోకి మారేది. “ఇంట్లో చేసిందేనా వదినా?” అని ఎవరైనా అడిగితే అమ్మ “ఆఁ, ఏదో...” అని వంటింట్లోకి వెళ్లిపోయేది. దీన్ని అబద్ధం అనాలని నాకెప్పుడూ తోచలేదు. తింటున్న అత్తయ్యకి కూడా తెలుసు, అది ఏ వీధిలో ఏ కొట్టుదో. మర్యాదలో కొంత నటన ఉంటుంది. వచ్చినవాడు ఆ నటనని గుర్తుపట్టి కూడా పట్టనట్టు ఉండటం వాడి వైపు మర్యాద.

సిసిలీ ఆయన చేసింది దీనికి మరీ దూరమా? ఇంటికి చుట్టమొచ్చాడు. సముద్రం ఆ రోజు ఖాళీ చేతులతో పంపితే పరువేం కావాలి? టీవీవాళ్లకి ఏం కావాలో ఆయన కూడా టీవీ చూసే నేర్చుకుని ఉంటాడు. ఎవరూ లేనప్పుడు అది చుట్టం కోసం పడిన తాపత్రయం. మధ్యలో కెమెరా ఉంది కాబట్టి అదే మోసం అయింది.

అసలు ఇలాంటి షో తీసే పద్ధతిలోనే ఈ చిక్కుంది. హోస్ట్ తలుపు తట్టకముందే ‘ఫిక్సర్’ అనే స్థానిక మనిషి ఆ ఇంట్లోవాళ్లతో మాట్లాడి అంతా ఒప్పించి ఉంటాడు. తలుపు తీసిన ఆవిడ ఆశ్చర్యపోతూ “రండి రండి” అంటుంది. ఇప్పుడు లోపల్నుంచి ఒక షాట్ కావాలి, ఇంకోసారి ఆశ్చర్యపోండి అంటారు. పోతుంది. ఆ తర్వాత సౌండ్ రికార్డిస్ట్ కోసం అందరూ ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చోవాలి. ఆ గది నిశ్శబ్దం కూడా వాళ్లకి కావాలి మరి. చివరికి ఒక కాయితం మీద సంతకం. ఆ కాయితాల్లో చాలావాటిలో ‘విశ్వమంతటా, శాశ్వతంగా’ వాడుకునే హక్కు అని రాసి ఉంటుంది. విశ్వమంతటా! చంద్రుడి మీద ఎవరు చూస్తారో గానీ.

ఏనుగుల వీరాస్వామికి ఈ బాధ లేదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దాదాపు 15 నెలలు తిరిగి, చూసిందల్లా స్నేహితుడికి రాస్తూ వచ్చాడు. కలానికి ఉన్న సౌకర్యం ఏమిటంటే, అది ఆ క్షణంలో బయటికి తీయక్కర్లేదు. అన్నం పెట్టినవాళ్ల ఇంట్లో అన్నం తినొచ్చు, బసకి చేరాక రాసుకోవచ్చు. రాసేటప్పుడు వదిలేయాల్సింది వదిలేయొచ్చు. కెమెరాకి ఆ ఆలస్యం కుదరదు. అది ముద్దతో పాటే నోట్లోకి వస్తుంది.

కాబట్టి కెమెరాతో వెళ్లినవాడికి రెండు బాకీలుంటాయి. పిలిచి కూర్చోబెట్టినవాళ్లకి ఒకటి, ఇంట్లో సోఫాలో కూర్చుని చూసే మనకి ఒకటి. సిసిలీలో బోర్డైన్ మన బాకీ తీర్చాడు, నిజం చెప్పాడు. ఆ డబ్బు మాత్రం ఆ ఆతిథేయి జేబులోంచి తీశాడు. మనకి నిజాయితీపరుడైన ఒక హోస్ట్ మిగిలాడు. ఆయనకి, తన ఊళ్లోనే, చచ్చిన చేపలు విసిరించిన మనిషన్న పేరు మిగిలింది.

అలాగని ఎప్పుడూ ఆతిథేయి పక్షమే వహించాలి అంటే అదీ కుదరదు. అప్పుడు ప్రతి ట్రావెల్ షో టూరిజం శాఖ బ్రోచర్ అవుతుంది. హైతీ ఎపిసోడ్ నాకు ఇందుకే గుర్తొస్తుంది. 2010 జనవరి భూకంపం తర్వాత, ‘నో రిజర్వేషన్స్’ కోసం వెళ్లినప్పటిది. రోడ్డు పక్కన ఒకావిడ దగ్గర తింటుంటే చుట్టూ ఆకలితో పిల్లలు. మింగుడు పడక, ఆవిడ వండినదంతా కొనేసి పంచమన్నారు. ఎవరైనా అదే చేస్తారు, నేనైతే తప్పకుండా చేసేదాన్ని. కానీ కబురు పాకింది, వరస పెరిగింది, బలమున్నవాళ్లు ముందుకి తోసుకొచ్చారు, చిన్నపిల్లలు దెబ్బలు తిన్నారు. అదంతా షోలో ఉంచారు. అక్కడ ఉంచడమే న్యాయం అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ బయటపడ్డ తప్పు పెట్టినావిడది కాదు, తిననొచ్చినవాళ్లది. తన పరువు తను తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సిసిలీకి ఇంకో దారి ఉంది కదా, అదేమిటంటే ఆ సీన్ మొత్తం ఎత్తేయడం. చేపలూ వద్దు, చేపల గురించి సంజాయిషీ వద్దు. మనకి అబద్ధమూ చెప్పినట్టు కాదు. పోయేదల్లా కొన్ని నిమిషాల ఫుటేజ్, నాలాంటి వాళ్ల నవ్వు. అంత ఖర్చుపెట్టి దేశం కాని దేశం వెళ్లిన టీముకి ఇది చెప్పడం తేలికే అని నాకూ తెలుసు. అయినా నేనైతే ఎత్తేయమనే అంటాను.

కెమెరా ముందుకి రావడం ఎప్పుడూ నష్టమే అని కూడా కాదు. ఇరాన్ ఎపిసోడ్‌లో బోర్డైన్‌తో మాట్లాడిన వాషింగ్టన్ పోస్ట్ విలేకరి జేసన్ రెజాయన్‌నీ, ఆయన భార్యనీ, షూటింగైన కొన్ని వారాలకే, 2014 జూలైలో అరెస్ట్ చేశారు. ఆయన బయటికొచ్చింది 2016 జనవరిలో. అరెస్టుకి షో కారణం అనలేం. పైగా జైల్లో ఉన్న ఒక పేరు, నవ్వుతూ మాట్లాడిన ఒక మొహంగా లక్షలమందికి తెలిసింది ఆ ఎపిసోడ్ వల్లే. కానీ దాన్ని చూస్తున్నంతసేపూ ఒకటే తెలుస్తుంటుంది: క్రూ విమానం ఎక్కింది, వాళ్లిద్దరూ ఎక్కలేదు.

వెళ్లినవాళ్లు తిరిగి రావడం అరుదు. మైకేల్ పాలిన్ వచ్చాడు. బీబీసీ వాళ్ల ‘అరౌండ్ ద వరల్డ్ ఇన్ 80 డేస్’ కోసం 1988లో దుబాయ్ నుంచి బొంబాయికి ఒక ధౌలో, అంటే పాతకాలపు సరుకుల పడవలో, ప్రయాణించాడు. నడిపినవాళ్లు గుజరాతీలు. పాలిన్‌కి జబ్బు చేస్తే చూసుకున్నారు, తమతో పాటు తిండి పెట్టారు, డెక్ మీద పడుకోవడానికి చోటిచ్చారు. సిరీస్ మొత్తంలో మనసుకి పట్టేది ఆ ఎపిసోడే. బొంబాయిలో వాళ్ల దగ్గర సెలవు తీసుకుంటుంటే పాలిన్ గొంతు మామూలుగా ఉండదు. 20 ఏళ్ల తర్వాత, 2008లో, వాళ్లెక్కడున్నారో వెతుక్కుంటూ మళ్లీ ఇండియా వచ్చాడు. గుజరాత్ తీరానికి వెళ్లి వాళ్లని కలిశాడు.

అప్పుడు కూడా పక్కన కెమెరా ఉంది. దాన్నీ ఒక ప్రోగ్రాంగా ప్రసారం చేశారు. నేనది చూశాను, కళ్లు చెమర్చాయి. తలుపు తీసే షాట్ వచ్చినప్పుడల్లా, ఇది రెండో టేకు కాదు కదా అని చూసే పాడలవాటు ఒకటి పట్టుకుంది నాకు. అక్కడ మాత్రం అలా చూడబుద్ధి కాలేదు.