కట్టెలు అక్కర్లేని ధుని

నెల్లూరు జిల్లా చేజర్ల మండలం నాగులవెల్లటూరులో పుట్టిన అవధూత వెంకయ్యస్వామి ఎక్కడ మకాం పెడితే అక్కడ ధుని, అంటే ఆరనివ్వకుండా కాచుకునే పవిత్రాగ్ని, వెలిగించేవారు. 1982 ఆగస్టు 24న గొలగమూడిలో ఆయన సమాధి చెందారు. ‘ఓం నారాయణ ఆదినారాయణ’ అన్న నామం మాత్రం జిల్లా పడమటి పల్లెల్లో పొలం పనుల మధ్య కూడా వినిపిస్తూనే ఉంటుంది.

ధునికి కట్టెలు కావాలి, కనిపెట్టుకునే మనిషి కావాలి. ఇవేవీ అక్కర్లేని యజ్ఞం ఒకటుందని భగవద్గీత నాలుగో అధ్యాయం చెబుతుంది. ప్రాణాన్ని అపానంలో, అపానాన్ని ప్రాణంలో, అంటే వచ్చే పోయే ఊపిరులను ఒకదానిలో ఒకటి ఆహుతి చేసేవాళ్లూ యజ్ఞం చేస్తున్నవాళ్లేనంటుంది. నెయ్యి లేదు, ముహూర్తం లేదు, ఖర్చు అసలే లేదు. రోజుకు మనిషి తీసే శ్వాసలు 21,600 అని యోగశాస్త్రాల లెక్క. అంటే నిమిషానికి పదిహేను. విశ్రాంతిగా ఉన్నప్పుడు పెద్దవాళ్ల శ్వాస నిమిషానికి 12 నుంచి 20 దాకా ఉంటుందని వైద్యులూ అంటారు. ఎవరూ జపించకుండానే ఈ శ్వాస సాగుతుంది కాబట్టి పెద్దలు దీన్ని అజపా జపమన్నారు.

దానంతటదే సాగేదానిలో ఇక మన వంతేమిటి? గమనించడమే. రాత్రిపూట కాలవ దగ్గర నీటి వంతు కోసం ఇద్దరు రైతులకు మాటా మాటా పెరిగిందనుకోండి. ముందు మారేది ఊపిరే. పొట్టిదవుతుంది, పైపైన ఆడుతుంది. నోరు జారేది ఆ తర్వాతే. ఇద్దరిలో ఒకడు పార నేలకానించి, నిండుగా గాలి పీల్చి మెల్లగా వదిలాడంటే గుండె వేగం తగ్గుతుంది. ‘‘సరేలే అన్నా, ముందు నీ కయ్యకే పెట్టుకో’’ అనగలుగుతాడు. ఆ ఒక్క శ్వాసలో వాడి కోపం ఆహుతైంది. గీత చెప్పిన యజ్ఞానికి ఇంతకన్నా వేరే హోమగుండం వెతకనక్కర్లేదు.

ఊపిరి బిగబట్టడం సాధన అనుకోవద్దు. అలా బిగబట్టే కుంభకం గురుముఖతః నేర్వాల్సిన విద్య. ఆయాసం, రక్తపోటు ఉన్నవాళ్లు దాని జోలికి సొంతంగా పోకూడదు. మనకు తేలికైన దారి ఉంది. పీల్చేటప్పుడు ‘ఓం నారాయణ’, వదిలేటప్పుడు ‘ఆదినారాయణ’. కలుపు తీస్తూ, బస్సు కోసం నిలబడి, పక్కమీద వాలి ఎక్కడైనా అనుకోవచ్చు. మనసు పక్కకు పోతే విసుక్కోకుండా మళ్లీ అందుకోవడమే. ఇరవై ఒక్క వేల పైచిలుకు శ్వాసల్లో ఎరుకతో తీసినవి పదే అయినా, ఆ రోజు యజ్ఞంలో మన చెయ్యీ పడ్డట్టే.